మీ కంపైలర్‌కు ఏ బ్యాకెండ్? సీ, ఎల్‌ఎల్‌వీఎం, క్రేన్‌లిఫ్ట్, సొంత అసెంబ్లీ, బైట్‌కోడ్‌ల మధ్య ఎంపిక

ప్రోగ్రామ్ టెక్స్ట్‌ను మాటలుగా విడగొట్టే లెక్సర్ రాశారు, ఆ మాటలను చెట్టుగా పేర్చే పార్సర్ రాశారు, టైపులు సరిచూసే టైప్ చెకర్ కూడా ఒక కొలిక్కి వచ్చింది. ప్రోగ్రామ్ మొత్తం ఒక చెట్టుగా మెమరీలో నిలబడి ఉంది. ఇక దాన్ని యంత్రం నడపగల కోడ్‌గా మార్చాలి. కంపైలర్‌లో ఆ పని చేసే భాగమే బ్యాకెండ్. సొంత భాష మొదలుపెట్టినవారిలో చాలామంది ఆగిపోయేది ఈ మలుపులోనే. ఎదురుగా అరడజను దారులు కనిపిస్తాయి, ప్రతి దారి గురించీ ఎవరో ఒకరు ఇదే సరైనదని గట్టిగా చెబుతుంటారు.

నేను మూడు చిన్న భాషలకు కంపైలర్లు రాశాను. ఒకటి సీ కోడ్ పుట్టిస్తుంది, ఒకటి ఎల్‌ఎల్‌వీఎం అనే రెడీమేడ్ బ్యాకెండ్ లైబ్రరీ మీద నడుస్తుంది, ఇంకొకటి నేరుగా ఎక్స్86-64 (మామూలు పీసీల ప్రాసెసర్) అసెంబ్లీని, అంటే యంత్ర సూచనల అక్షర రూపాన్ని ఇస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి కంపైలర్ రాసేవారిలో ఎక్కువమందికి సీ కోడ్ పుట్టించడమే మంచిది. భాష పైథాన్ లాగా, లువా లాగా డైనమిక్ స్వభావం ఉన్నదైతే బైట్‌కోడ్, అంటే మీరే రాసుకున్న వర్చువల్ మెషీన్ (వీఎం) నడిపే సూచనలు, మంచిది. ఎల్‌ఎల్‌వీఎం గొప్ప పనిముట్టు, అందులో సందేహం లేదు. కానీ పేరు చూసి దాన్ని ఎత్తుకున్నవారు భాష మీద పెట్టాల్సిన ఓపికనంతా దాన్ని బిల్డ్ చేయడానికే ఖర్చుపెట్టడం చాలాసార్లు చూశాను. ఈ అభిప్రాయం మీ విషయంలో ఎక్కడ చెల్లదో తెలియాలంటే కొన్ని ప్రశ్నలు ముందు తేల్చుకోవాలి.

## ముందుగా తేల్చుకోవలసినవి

ప్రోగ్రామ్ ఎక్కడ నడవాలి? మీ ల్యాప్‌టాప్‌లో నడిస్తే చాలా, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడవాలా, బ్రౌజర్‌లోనా, చిన్న మైక్రోకంట్రోలర్ మీదా? మైక్రోకంట్రోలర్ అన్నారంటే సగం దారులు అప్పుడే మూసుకుపోతాయి. అక్కడ తప్పకుండా దొరికేది సీ కంపైలర్ ఒక్కటే.

కంపైల్ అయ్యే వేగమా, నడిచే వేగమా? రెండూ కావాలనే అంటాం. రెండింటిలో ఏది తగ్గితే మీ వినియోగదారుడు ముందుగా విసుక్కుంటాడో ఆలోచించండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2018లో వచ్చిన 11వ వెర్షన్ నుంచి ఎల్‌ఎల్‌వీఎం ఆధారిత జిట్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే యంత్ర కోడ్ తయారుచేసే పద్ధతి) ఉంది. అయినా ఒక క్వెరీ అంచనా ఖర్చు 1,00,000 దాటితేనే అది రంగంలోకి దిగేలా డిఫాల్ట్ పెట్టారు. చిన్న క్వెరీకి కోడ్ తయారుచేసే సమయమే అసలు పనికి పట్టే సమయాన్ని మించిపోతుంది కాబట్టి. మీరు రాసేది నాలుగు పంక్తుల ఫిల్టర్ సూత్రాలను నడిపే భాష అయితే ఈ లెక్క మీకూ వర్తిస్తుంది.

మీ భాష ఏం మాట ఇస్తోంది? అందరూ చివరికి వాయిదా వేసే ప్రశ్న ఇది. మొదట అడగాల్సింది కూడా ఇదే. పూర్ణాంకం హద్దు దాటితే ఏం జరగాలి? టెయిల్ కాల్ (ఫంక్షన్ తన చివరి పనిగా చేసే పిలుపు) ఎంత లోతుకు వెళ్లినా స్టాక్ (ఫంక్షన్ పిలుపుల లెక్క, స్థానిక చరాలు ఉండే మెమరీ) పెరగకూడదా? వాడుక అయిపోయిన మెమరీని తనంతట తానే విడుదల చేసే గార్బేజ్ కలెక్షన్ ఉందా? ఉంటే మాత్రం జాగ్రత్త. చెత్త ఏరే కోడ్‌కు, ఇప్పుడు వాడుకలో ఉన్న పాయింటర్లు స్టాక్‌లో ఎక్కడున్నాయో, ప్రాసెసర్ లోపలి గడులైన రిజిస్టర్లలో ఎక్కడున్నాయో తెలియాలి. రిజిస్టర్ల కేటాయింపు మీ చేతిలో లేనప్పుడు ఆ సంగతి బ్యాకెండే మీకు చెప్పాలి. అన్ని బ్యాకెండ్లూ చెప్పవు. ఎంపికలో సగం ఇక్కడే తేలిపోతుంది.

రెండో ఏడాది ఎవరు చూసుకుంటారు? మొదటి నెల ఉత్సాహంలో ఏదైనా రాసేస్తాం. ఏడాది తర్వాత లైబ్రరీ కొత్త వెర్షన్ వచ్చి బిల్డ్ విరిగినప్పుడు, సాయంత్రం ఉద్యోగం నుంచి వచ్చాక దాన్ని సరిచేసే ఓపిక ఉంటుందా?

ఇక కంపైలర్‌ను మీరు ఏ భాషలో రాస్తున్నారన్నది చిన్న విషయంలా కనిపించినా పెద్ద తేడా తెస్తుంది. రస్ట్‌లో రాస్తుంటే క్రేన్‌లిఫ్ట్ అనే బ్యాకెండ్ లైబ్రరీ చేతికి అందినంత దూరంలో ఉంటుంది. ఓకామ్ల్‌లోనో పైథాన్‌లోనో రాస్తుంటే, టెక్స్ట్ రాసి ఇంకో ప్రోగ్రామ్‌కు అందించే దారులే హాయి.

## ఒక్క చూపులో

| దారి | కంపైల్ వేగం | నడిచే వేగం | టెయిల్ కాల్ | గార్బేజ్ కలెక్షన్‌కు సాయం | నిర్వహణ భారం |
|---|---|---|---|---|---|
| సీ కోడ్ | మధ్యస్థం | చాలా ఎక్కువ | కొత్త కంపైలర్లలో ప్రత్యేక గుర్తుతో | లేదు, మీరే ఏర్పాటు చేసుకోవాలి | తక్కువ |
| ఎల్‌ఎల్‌వీఎం | నెమ్మది | చాలా ఎక్కువ | ఉంది, షరతులతో | ఉంది, కష్టం | ఎక్కువ |
| క్రేన్‌లిఫ్ట్ | వేగం | బాగుంటుంది | ఉంది | ఉంది | మధ్యస్థం |
| క్యూబీఈ (ఒక చిన్న బ్యాకెండ్) | వేగం | బాగుంటుంది | హామీ లేదు | లేదు | తక్కువ |
| సొంత అసెంబ్లీ | అతి వేగం | మీ శ్రమను బట్టి | మీ ఇష్టం | మీ ఇష్టం | చాలా ఎక్కువ |
| బైట్‌కోడ్, సొంత వీఎం | అతి వేగం | తక్కువ | సులభం | సులభం | తక్కువ |
| జేవీఎం (జావా వీఎం) | వేగం | ఎక్కువ | లేదు | సిద్ధంగా ఉంది | తక్కువ |
| వెబ్‌అసెంబ్లీ (బ్రౌజర్లు నడిపే బైట్‌కోడ్) | వేగం | ఎక్కువ | ఉంది | కొత్త ఇంజిన్లలో ఉంది | మధ్యస్థం |

పట్టిక దారి చూపిస్తుంది, అంతే. గుంతలు ఎక్కడున్నాయో తెలియాలంటే దగ్గరికి వెళ్లి చూడాలి.

## సీ కోడ్ పుట్టించడం

ఇది చిన్నతనంగా చూడాల్సిన దారి కాదు. బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ రాసిన మొదటి సీ++ కంపైలర్ సీఫ్రంట్ సీ కోడే పుట్టించేది. నిమ్ భాష ఈ రోజుకీ అదే చేస్తుంది. ఏళ్ల తరబడి నూరిన జీసీసీ, క్లాంగ్ అనే సీ కంపైలర్ల ఆప్టిమైజేషన్లన్నీ (కోడ్‌ను వేగవంతం చేసే మార్పులన్నీ) మీకు ఉచితంగా దక్కుతాయి. ఏ ప్రాసెసర్ అయినా సరే, దానికి సీ కంపైలర్ ఉంటే మీ భాష అక్కడికి వెళ్తుంది. పుట్టిన కోడ్‌ను కళ్లతో చదవవచ్చు. తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు ఈ ఒక్క సౌకర్యమే మీకు వారాలు మిగిలిస్తుంది.

అయితే సీ భాషకు తనవైన నియమాలు ఉన్నాయి. మీ భాష నియమాలతో అవి అన్నిచోట్లా కలవవు. నా మొదటి భాషలో పూర్ణాంకం హద్దు దాటితే మళ్లీ కింది కొస నుంచి మొదలవ్వాలని నియమం పెట్టుకున్నాను. ‘క + 1 < క’ అయితే హద్దు దాటినట్టు అని లైబ్రరీలో ఒక తనిఖీ కూడా రాశాను. ఆప్టిమైజేషన్ లేకుండా అంతా బాగా నడిచింది. రెండో స్థాయి ఆప్టిమైజేషన్ పెట్టగానే ఆ తనిఖీ మాయమైంది. ప్లస్, మైనస్ గుర్తు ఉన్న పూర్ణాంకం హద్దు దాటడం సీలో నిర్వచనం లేని ప్రవర్తన. అది ఎప్పటికీ జరగదని కంపైలర్ అనుకోవచ్చు. అలా అనుకుంటే ‘క + 1’ ఎప్పుడూ ‘క’ కంటే తక్కువ కాదు కాబట్టి తనిఖీయే అనవసరం. కంపైలర్ చేసింది సీ నియమాల ప్రకారం సరైనదే, తప్పు నాది. కూడికలు, తీసివేతలు గుర్తు లేని టైపులో చేసి తిరిగి మార్చుకుంటే సరిపోతుంది. లేదా హద్దు దాటితే చుట్టి రమ్మని చెప్పే ‘ఎఫ్-ర్యాప్-వీ’ ఫ్లాగ్‌ను జీసీసీకో క్లాంగ్‌కో ఇవ్వాలి.

ఇలాంటిదే ఇంకొకటి. ఫంక్షన్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్లను ఏ వరుసలో లెక్కించాలో సీ చెప్పదు. ఎడమ నుంచి కుడికి అని మీ భాష మాట ఇస్తే, ప్రతి చిన్న లెక్క ఫలితాన్నీ ఒక తాత్కాలిక చరంలో పెట్టి, తర్వాత ఫంక్షన్‌ను పిలవండి. పుట్టిన కోడ్ నిండా వందల కొద్దీ చరాలు కనిపించి వికారంగా ఉంటుంది. పట్టించుకోకండి, సీ కంపైలర్ వాటన్నిటినీ తుడిచేస్తుంది.

మన భాషలో పేర్లు పెట్టుకోనిచ్చే ప్రోగ్రామింగ్ భాష రాస్తున్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. ‘మొత్తం’ అన్న పేరును అలాగే సీలోకి పంపాలని అనిపిస్తుంది. జీసీసీ 10వ వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 పేర్లను నేరుగా ఒప్పుకుంటుంది కూడా. కానీ ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో హల్లులు అతుక్కోకుండా మనం కనిపించని అక్షరం ఒకటి వాడతాం, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. సీ11 ప్రమాణం పేర్లలో దాన్ని అనుమతించింది, సీ23 ప్రమాణం అనుమతించదు. కాబట్టి ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ సంఖ్యగా మార్చి పంపడమే క్షేమం. ‘మ’ అయితే 0సీ2ఈ, అలా వరుసగా. అదృశ్య అక్షరం వల్ల ఒకేలా కనిపించే రెండు పేర్లు వేరువేరు చరాలుగా మారిపోయే సమస్యను మాత్రం మీ లెక్సర్‌లోనే తేల్చుకోవాలి.

టెయిల్ కాల్స్ విషయంలో సీ బలహీనం. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ ఒకప్పుడు సీ కోడ్ పుట్టించి, జీసీసీ ఇచ్చిన అసెంబ్లీని ఒక పెర్ల్ స్క్రిప్టుతో కోసి సరిదిద్దుకునేది. ఆ స్క్రిప్టుకు ‘ఈవిల్ మ్యాంగ్లర్’ అనే పేరు ఉండేదంటే అది ఎంత బాధపెట్టిందో ఊహించుకోవచ్చు. తర్వాత ఆ దారినే వదిలేశారు. ఇప్పుడు పరిస్థితి మారింది. టెయిల్ కాల్ తప్పనిసరి అని చెప్పే ‘మస్ట్‌టెయిల్’ గుర్తు 2021లో క్లాంగ్ 13లో, 2025లో జీసీసీ 15లో వచ్చింది. పాత కంపైలర్లలోనూ నడవాలంటే మాత్రం ఒక లూప్‌లో ఫంక్షన్లను ఒక్కొక్కటిగా పిలిచే ట్రాంపోలిన్ పద్ధతి తప్పదు, వేగం కొంత పోతుంది.

గార్బేజ్ కలెక్షన్‌కు రెండు ఉపాయాలున్నాయి. పాయింటర్లన్నిటినీ మీ సొంత జాబితాలో కూడా నమోదు చేస్తూ పోవడం ఒకటి. పాయింటర్‌లా కనిపించే ప్రతి విలువనూ పాయింటరే అనుకునే బోయమ్ కలెక్టర్‌ను తగిలించుకోవడం రెండోది. మొదలుపెట్టేటప్పుడు రెండోదే తగిలించండి.

చివరిగా, ‘లైన్’ ఆదేశాన్ని మరవకండి. పుట్టించిన సీ కోడ్‌లో ప్రతి వాక్యానికీ ముందు మీ అసలు ఫైల్ పేరు, పంక్తి సంఖ్య రాస్తే, డీబగ్గర్ నేరుగా మీ భాషలోని పంక్తినే చూపిస్తుంది. పదిహేను నిమిషాల పనికి ఇంత ఫలితం కంపైలర్ రచనలో ఇంకెక్కడా దొరకదు.

## ఎల్‌ఎల్‌వీఎం

2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అడ్వే దీన్ని మొదలుపెట్టారు, 2003లో 1.0 వెర్షన్ వచ్చింది. క్లాంగ్, రస్ట్, స్విఫ్ట్, జూలియా అన్నీ దీని మీదే నిలబడ్డాయి. మీరు దాని మధ్యంతర రూపంలో (మీ భాషకూ యంత్ర కోడ్‌కూ నడుమ ఉండే రూపం) కోడ్ ఇస్తే చాలు, ఆప్టిమైజేషన్, రిజిస్టర్ల కేటాయింపు, డీబగ్ సమాచారం, పదుల కొద్దీ ప్రాసెసర్లకు యంత్ర కోడ్ అన్నీ అదే చూసుకుంటుంది.

చాలామందికి భయం ఆ మధ్యంతర రూపం పాటించే ఎస్ఎస్ఏ అనే పద్ధతి గురించి. ప్రతి విలువకూ ఒక్కసారే పేరు పెట్టాలి, లూప్‌లో మారే చరాలకు ఫై నోడ్లు (ఏ దారిన వచ్చామో బట్టి విలువను ఎంచే సూచనలు) రాయాలి అని విని వెనక్కి తగ్గుతారు. ఆ భయం అనవసరం. ప్రతి చరానికీ ‘అల్లోకా’తో స్టాక్‌లో చోటు తీసుకుని, మామూలుగా చదువుతూ రాస్తూ పోండి. ‘మెమ్-టు-రెగ్’ అనే పాస్ (కోడ్‌ను చదివి మార్చే దశ) వచ్చి వాటిని రిజిస్టర్లుగా, ఫై నోడ్లుగా మార్చేస్తుంది.

ఇక్కడ నేను పడిన గుంత ఒకటి చెబుతాను. లూప్ లోపల ప్రకటించిన చరానికి అల్లోకాను కూడా ఆ లూప్ లోపలే పెట్టాను. పది సార్లు తిరిగే పరీక్షలన్నీ నెగ్గాయి. పది లక్షల సార్లు తిరిగే ప్రోగ్రామ్ రాసిన రోజు అది కుప్పకూలింది. అల్లోకా తీసుకున్న చోటు ఫంక్షన్ ముగిసేదాకా విడుదల కాదు. లూప్ తిరిగిన ప్రతిసారీ స్టాక్ కొంచెం పెరిగి, లినక్స్ సాధారణంగా ఇచ్చే 8 ఎంబీ హద్దు దాటేసింది. పైగా మెమ్-టు-రెగ్ చూసేది ఫంక్షన్ మొదటి బ్లాకులో (మధ్యలో దూకుళ్లు లేని సూచనల వరుసలో) ఉన్న అల్లోకాలనే. అందుకే చరం ఎక్కడ ప్రకటించినా అల్లోకా మాత్రం మొదటి బ్లాకులోనే పెట్టాలి. కోడ్ తయారైన వెంటనే దాని నియమాలు సరిచూసే వెరిఫయర్‌ను పిలవడం కూడా అలవాటు చేసుకోండి. అది పట్టుకునే తప్పులు వేరు, ఇలాంటివి అది పట్టుకోదు, అయినా అది లేకుండా పని సాగదు.

అసలు ఖర్చు నిర్వహణలో ఉంది. దాదాపు ఆరు నెలలకొకసారి కొత్త వెర్షన్ వస్తుంది, సీ++ ఇంటర్‌ఫేస్ మారుతూ ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. పాయింటర్ దేన్ని సూచిస్తోందో పాయింటర్ టైపులోనే చెప్పే పద్ధతి మొదటి నుంచీ ఉండేది. 2022లో 15వ వెర్షన్ టైపు లేని పాయింటర్లను డిఫాల్ట్ చేసింది. 2023లో 17వ వెర్షన్ పాత పద్ధతిని పూర్తిగా తీసేసింది. మార్పు మంచిదే. కానీ పాయింటర్‌ను అడిగి టైపు తెలుసుకుంటూ రాసిన కంపైలర్లన్నీ ఆ టైపును తామే గుర్తుపెట్టుకునేలా తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఒక వెర్షన్‌ను పట్టుకుని ఏడాదికోసారి మాత్రమే మారాలని నిర్ణయించుకుంటే ఈ భారం కొంత తగ్గుతుంది.

కంపైల్ వేగం రెండో ఖర్చు. జిగ్ భాష బృందం డీబగ్ బిల్డుల కోసం సొంత బ్యాకెండ్ రాసుకుంది. 2025లో వచ్చిన 0.15 వెర్షన్‌లో లినక్స్ ఎక్స్86-64 మీద అదే డిఫాల్ట్ అయింది. రిలీజ్ బిల్డులకు ఎల్‌ఎల్‌వీఎంనే ఉంచుకున్నారు. ఇది చాలా వివేకమైన అమరిక అని నా నమ్మకం. రాస్తూ పరీక్షిస్తున్నప్పుడు కావాల్సింది వేగంగా వచ్చే కోడ్, పంపిణీ చేసేటప్పుడు కావాల్సింది వేగంగా నడిచే కోడ్.

మరి దీన్ని ఎప్పుడు ఎంచుకోవాలి? సంఖ్యా గణనలు, వెక్టర్ ఆపరేషన్లు, గ్రాఫిక్స్ ప్రాసెసర్ల కోడ్ అవసరమైనప్పుడు. లేదా కంపైలర్ల మీదే ఉద్యోగమో పరిశోధనో చేయాలనుకున్నప్పుడు. హైదరాబాద్, బెంగళూరుల్లో చిప్ కంపెనీల కంపైలర్ బృందాలు ఎక్కువగా పనిచేసేది ఎల్‌ఎల్‌వీఎం మీదే. ప్రోగ్రామ్‌ను యంత్ర అభ్యసనానికి అనువైన వెక్టర్లుగా మార్చే ఐఆర్2వెక్ ఐఐటీ హైదరాబాద్ కంపైలర్ల బృందం పనే, అది కూడా ఎల్‌ఎల్‌వీఎం మధ్యంతర రూపం మీదే నిర్మితమైంది. ఆ లక్ష్యం ఉన్న విద్యార్థికి ఇందాక చెప్పిన కష్టమంతా చదువులో భాగమే.

## క్రేన్‌లిఫ్ట్, క్యూబీఈ: మధ్య దారులు

ఎల్‌ఎల్‌వీఎం బరువు వద్దు, సీ నియమాల బెడద వద్దు అనుకునేవారికి ఈ రెండూ.

క్రేన్‌లిఫ్ట్‌ను రస్ట్‌లో రాశారు. బైట్‌కోడ్ అలయన్స్ నీడలో పెరుగుతోంది. వాస్మ్‌టైమ్ అనే వెబ్‌అసెంబ్లీ రన్‌టైమ్‌కు ఇదే గుండె. కోడ్‌ను త్వరగా పుట్టించడం దీని మొదటి లక్ష్యం, కాబట్టి జిట్‌కు బాగా నప్పుతుంది. ఎక్స్86-64, ఆర్మ్64, రిస్క్-5, ఎస్390ఎక్స్ అనే నాలుగు 64 బిట్ల ప్రాసెసర్లకు కోడ్ ఇస్తుంది, పాత 32 బిట్ల పరికరాలు మీ లక్ష్యమైతే ఇది వదిలేయండి. ఎస్ఎస్ఏను దీని ఫ్రంటెండ్ లైబ్రరీ మీ తరఫున కట్టిపెడుతుంది. మీరు చేయాల్సిందల్లా ఒక బ్లాకులోకి వచ్చే దారులన్నీ తెలిశాక దాన్ని ‘సీల్’ చేయడం. లూప్ తల బ్లాకును లూప్ చివరికి చేరకముందే సీల్ చేయడం కొత్తవారు తప్పకుండా చేసే పొరపాటు. వెనక్కి వచ్చే దారి ఇంకా తెలియదు కదా.

క్యూబీఈ ఇంకా చిన్నది. పారిశ్రామిక కంపైలర్ల పనితీరులో 70 శాతాన్ని, వాటి కోడ్‌లో 10 శాతంతో ఇవ్వడం దాని ప్రకటిత లక్ష్యం. సీలో రాసిన ఈ ప్రోగ్రామ్ మొత్తాన్ని ఓపికగా కొన్ని వారాంతాల్లో చదివేయవచ్చు. హేర్ భాష దీని మీదే నడుస్తుంది. మీరు టెక్స్ట్ ఇస్తారు, అది అసెంబ్లీ ఇస్తుంది. సీ ఫంక్షన్లతో స్ట్రక్చర్లు ఇచ్చిపుచ్చుకునే క్లిష్టమైన నియమాలు కూడా అదే చూసుకుంటుంది. డీబగ్ సమాచారం నామమాత్రం, వెక్టర్ ఆపరేషన్లు ఆశించకండి. కంపైలర్ల కోర్సు చెప్పే అధ్యాపకులు ఎవరైనా అడిగితే నేను మొదట సూచించేది దీన్నే. విద్యార్థి లోపలికి తొంగిచూసి అర్థం చేసుకోగల బ్యాకెండ్ ఇది.

## సొంతంగా అసెంబ్లీ రాయడం

యంత్రం లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న తపన ఉంటే ఇంతకు మించిన చదువు లేదు. గో భాష మొదటి నుంచీ సొంత బ్యాకెండ్‌తోనే ఉంది. ఎల్‌ఎల్‌వీఎం తమ అవసరానికి మరీ పెద్దది, నెమ్మది అని దాని రూపకర్తలు భావించారు. 2016లో 1.7 వెర్షన్‌తో ఎక్స్86-64కు కొత్త ఎస్ఎస్ఏ బ్యాకెండ్ కూడా వాళ్లే రాసుకున్నారు. వాళ్లకు అందుకు తగ్గ బృందం ఉందన్న సంగతి మరవకూడదు.

దీని అసలు కష్టం సూచనలు గుర్తుపెట్టుకోవడంలో ఉండదు, ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలిచే ఒప్పందాల్లో ఉంటుంది. నా కంపైలర్‌లో పూర్ణాంకాలు చక్కగా అచ్చయ్యేవి. దశాంశ సంఖ్యను అచ్చు వేయబోతే కొన్ని ఫంక్షన్లలో పనిచేసేది, కొన్నిటిలో కూలిపోయేది. రెండు రాత్రులు చూశాక ఒక సంగతి తట్టింది. స్థానిక చరాలు సరి సంఖ్యలో ఉన్న ఫంక్షన్లలో బాగానే ఉంది, బేసి సంఖ్యలో ఉంటేనే కూలుతోంది. లినక్స్ ఎక్స్86-64 ఒప్పందం ప్రకారం ఫంక్షన్‌ను పిలిచే క్షణంలో స్టాక్ చిరునామా 16తో భాగించబడాలి. నా చరాలు ఒక్కొక్కటి 8 బైట్లు. బేసి సంఖ్యలో ఉంటే చిరునామా 8 బైట్లు పక్కకు జరుగుతోంది. దశాంశాలు వచ్చినప్పుడే అచ్చు ఫంక్షన్ వెక్టర్ రిజిస్టర్లను స్టాక్‌లో దాచుకుంటుంది, ఆ దాచే సూచనకు 16 బైట్ల అమరిక తప్పనిసరి. పూర్ణాంకాలకు ఆ దాచడమే ఉండదు కాబట్టి తప్పు బయటపడలేదు. చోటును 16 గుణిజానికి పెంచే ఒక్క పంక్తితో సమస్య తీరింది.

అదే కోడ్‌ను విండోస్‌కు తీసుకెళ్తే మొదటి ఆర్గ్యుమెంట్ వేరే రిజిస్టర్‌లో వెళ్లాలి, పిలిచే ముందు 32 బైట్ల చోటు వదలాలి. ఆపిల్ ఆర్మ్64కు వెళ్తే అచ్చు ఫంక్షన్ లాంటివాటికి ఇచ్చే అదనపు ఆర్గ్యుమెంట్లన్నీ స్టాక్‌లో పెట్టాలి. అందుకే ఈ దారి పడితే ఒక్క ప్రాసెసర్, ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్ అని గిరి గీసుకోండి. మొదట ప్రతి ఫలితాన్నీ స్టాక్‌లో పెట్టే మొరటు పద్ధతితోనే మొత్తం భాషను నడిపించండి. తర్వాత రిజిస్టర్ల కేటాయింపుకు 1999లో పోలెట్టో, సర్కార్ ప్రచురించిన లీనియర్ స్కాన్ పద్ధతితో మొదలుపెట్టవచ్చు. 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో చైటిన్ చూపిన గ్రాఫ్ రంగుల పద్ధతి ఇంకా మంచి కోడ్ ఇస్తుంది, రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది.

## బైట్‌కోడ్, సొంత వీఎం

‘క + ఖ * 3’ అన్న చిన్న లెక్కనే తీసుకోండి. స్టాక్ తరహా వీఎంలో క ఎత్తు, ఖ ఎత్తు, 3 ఎత్తు, గుణించు, కూడు అని ఐదు సూచనలవుతాయి. రిజిస్టర్ తరహాలో ఖను 3తో గుణించి తాత్కాలిక గడిలో పెట్టు, దానికి క కలుపు అని రెండే. 2003లో 5.0 వెర్షన్‌తో లువా రిజిస్టర్ తరహాకు మారింది. మనం మామూలుగా వాడే పైథాన్ అయిన సీపైథాన్ స్టాక్ తరహాలోనే ఉండిపోయింది. స్టాక్ తరహాకు కోడ్ పుట్టించడం ఎంతో సులభం, చెట్టును కింది నుంచి పైకి నడుస్తూ పోతే సూచనలు వాటంతట అవే వరుసలో పడతాయి. మొదటిసారికి స్టాక్ తరహాయే చాలు.

వీఎం స్టాక్ మీ సొంతమే కాబట్టి పాయింటర్లు ఎక్కడున్నాయో మీకు తెలుసు, గార్బేజ్ కలెక్షన్ ఒక పూటలో రాసేయవచ్చు. టెయిల్ కాల్ అంటే ఫ్రేమును మళ్లీ వాడుకోవడమే. వేరే అసెంబ్లర్, లింకర్ ఏవీ వినియోగదారుడి యంత్రంలో అక్కర్లేదు. పోయేది వేగం. దాన్ని కొంత రాబట్టుకునే దారులూ ఉన్నాయి. 2022లో సీపైథాన్ 3.11, తరచుగా కనిపించే టైపులకు తగినట్టు సూచనలను నడుస్తుండగానే మార్చుకునే పద్ధతి తెచ్చింది. 2024లో 3.13లో, ముందే సిద్ధం చేసిన యంత్ర కోడ్ ముక్కలను అతికించి ఖాళీలు పూరించే జిట్‌ను ప్రయోగాత్మకంగా చేర్చింది.

## జేవీఎం, వెబ్‌అసెంబ్లీ

కోట్లిన్, స్కాలా, క్లోజర్ భాషలకు జేవీఎం ఇచ్చింది తక్కువేమీ కాదు. సిద్ధంగా ఉన్న గార్బేజ్ కలెక్టర్, జిట్, వేల కొద్దీ లైబ్రరీలు దొరుకుతాయి. టెయిల్ కాల్ లేదు, ఒక మెథడ్ బైట్‌కోడ్ 65,535 బైట్లు దాటకూడదు. ఆఫీసులో జావా వ్యవస్థ మధ్య చిన్న భాష పెట్టాలంటే ఇంకేమీ ఆలోచించకుండా ఇదే.

బ్రౌజర్‌లో నడవాలంటే వెబ్‌అసెంబ్లీ. 2019 డిసెంబరులో ఇది వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. ఇందులో ఇష్టం వచ్చిన చోటికి దూకడం కుదరదు, లూపులు, బ్లాకులు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉండాలి. మీ భాషలో గోటూ లేకపోతే చెట్టు నుంచి నేరుగా పుట్టించడం సులువు. గార్బేజ్ కలెక్షన్ సౌకర్యం 2023లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో వచ్చింది కాబట్టి సొంత కలెక్టర్‌ను మోసుకెళ్లే అవసరం తగ్గింది.

## మీరు ఎవరైతే ఏది

ఒక్క సెమిస్టర్ సమయం ఉన్న విద్యార్థి బైట్‌కోడ్‌తో మొదలుపెట్టి, సమయం మిగిలితే క్యూబీఈ వైపు వెళ్లాలి. సెమిస్టర్ చివర్లో చూపించడానికి నడిచే భాష ఒకటి ఉండడం ముఖ్యం. ఆఫీసులో బిల్లింగ్ నియమాలో, ఫిల్టర్ సూత్రాలో నడిపే చిన్న భాష రాస్తున్నవారికీ బైట్‌కోడే సరి. నడిచే కాలం నిజంగా కొలిచి, అది చాలదని తేలితేనే క్రేన్‌లిఫ్ట్ లాంటి జిట్.

ఇతరులు వాడాలన్న ఆశతో టైపులున్న భాష కడుతున్నవారు సీ కోడ్‌తో బయల్దేరండి. వినియోగదారుల యంత్రాల్లో సీ కంపైలర్ ఉండదన్న సమస్య తర్వాత వస్తుంది, అప్పటికి మీ భాషకు వినియోగదారులు ఉన్నారన్నమాట. ఫంక్షనల్ భాష రాస్తూ, పునరావృతమే (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడమే) లూప్ అయిన చోట, సీ దారి కంటే క్రేన్‌లిఫ్ట్ గానీ, టెయిల్ కాల్ షరతులను చదువుకుని ఎల్‌ఎల్‌వీఎం గానీ మేలు.

ఏది ఎంచుకున్నా, చెట్టు నుంచి నేరుగా బ్యాకెండ్‌కు దూకకండి. మధ్యలో మీ సొంత మధ్యంతర రూపం ఒకటి ఉంచండి. పదిహేను, ఇరవై రకాల సూచనలు చాలు: లెక్క, చదువు, రాయి, పిలువు, దూకు, షరతుతో దూకు, తిరిగి వెళ్లు. నా రెండో భాషలో అలాంటిది లేక, బ్యాకెండ్ మార్చాలనుకున్నప్పుడు టైప్ చెకర్ దాకా తవ్వాల్సి వచ్చింది. మూడో భాషలో అది ఉంది, సీ నుంచి అసెంబ్లీకి మారడం ఒక్క ఫైలు పని అయింది.

ఇంకా తేలకపోతే, మనసులో ఉన్న రెండు దారులకూ ఒక్కో వారాంతం ఇచ్చి మూడు ప్రోగ్రాములు నడిపించండి. మొదటిది ఫిబొనాచీ, ఫంక్షన్ పిలుపుల వేగం తెలుస్తుంది. రెండోది లూప్‌లో లక్షల స్ట్రింగులు పుట్టించి పారేసేది, మెమరీ కథ బయటపడుతుంది. మూడోది పది లక్షల లోతుకు తనను తానే చివరి పనిగా పిలుచుకునే ఫంక్షన్. మూడోదాన్ని ఆప్టిమైజేషన్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి నడపండి. పెట్టినప్పుడు మాత్రమే నెగ్గితే టెయిల్ కాల్ మీద మీకు హామీ ఏమీ లేదని అర్థం, మీ భాష ఆ మాట ఇచ్చి ఉంటే ఆ బ్యాకెండ్‌ను అక్కడే పక్కన పెట్టవచ్చు.